ఎండీఎక్స్‌లో ఫిల్టర్ ఎక్కడ ఉండాలి: సబ్‌సెలెక్ట్‌లోనా, వేర్ క్లాజ్‌లోనా?

నివేదిక_రచన:
మైక్రోసాఫ్ట్ డేటా విశ్లేషణ సర్వర్ అనలిసిస్ సర్వీసెస్ 2005 వెర్షన్ నుంచి, దాని క్వెరీ భాష అయిన ఎండీఎక్స్‌లో ఫ్రమ్ తరువాత క్యూబ్ (సంవత్సరం, ప్రొడక్ట్ వంటి కోణాల్లో అమర్చిన డేటా) పేరుకు బదులు బ్రాకెట్లలో మరో సెలెక్ట్ (సబ్‌సెలెక్ట్) రాసి, కావలసిన మెంబర్ల (ఉదాహరణకు 2013 అనే సంవత్సరం) మేరకే క్యూబ్‌ను కుదించుకోవచ్చు. వరుసల్లో ఉన్న హైరార్కీనే (క్యాలెండర్ ఇయర్ వంటి మెంబర్ల వర్గీకరణ) వేర్ క్లాజ్‌లోనూ రాస్తే క్వెరీ ఎర్రర్‌తో ఆగిపోతుంది; సబ్‌సెలెక్ట్‌కు ఆ అడ్డంకి లేదు. కాబట్టి ఫిల్టర్లన్నీ సబ్‌సెలెక్ట్‌లోనే ఉండాలని నా వాదన.

క్యూబ్_నిర్వహణ:
నేను ఏకీభవించలేను. సబ్‌సెలెక్ట్ క్యూబ్‌ను కుదిస్తుందే తప్ప కరెంట్‌మెంబర్‌ను, అంటే లెక్క ప్రస్తుతం ఏ మెంబర్ దగ్గర జరుగుతోందో దాన్ని, మార్చదు. మైక్రోసాఫ్ట్ నమూనా క్యూబ్ అడ్వెంచర్ వర్క్స్‌లో, ఈ ఏటి అమ్మకాల నుంచి ప్రెవ్‌మెంబర్ (ముందు మెంబర్) ద్వారా కిందటేటి అమ్మకాలను తీసివేసి వృద్ధిని చూపే క్యాలిక్యులేటెడ్ మెజర్ (సూత్రంతో లెక్కించే అంకె) ఒకటి రాశామనుకోండి. క్యాలెండర్ ఇయర్‌ను ఏ యాక్సిస్ (వరుసలు, నిలువులు) మీదా పెట్టకుండా 2013ను సబ్‌సెలెక్ట్‌లో ఇస్తే, కరెంట్‌మెంబర్ ‘ఆల్ పీరియడ్స్’ (అన్ని కాలాల మొత్తం) దగ్గరే ఉండిపోతుంది. దానికి ముందు మెంబరే లేదు గనుక తీసివేయవలసింది శూన్యమై, 2013 అమ్మకాలు మొత్తంగా వృద్ధి పేరుతో రిపోర్టులోకి ఎక్కుతాయి. ఎర్రర్ రాదు, అంకె చూడడానికి సక్రమంగానే ఉంటుంది; నన్ను కలవరపెట్టేది అదే. 2013ను వేర్‌లో రాస్తే 2012తో పోలిక సరిగ్గా వస్తుంది.

నివేదిక_రచన:
ఒక్క సంవత్సరానికి సరే. 2012, 2013 రెండింటినీ వేర్‌లో సెట్‌గా ఇస్తే మీ మెజర్ కూడా విఫలమవుతుంది కదండీ.

క్యూబ్_నిర్వహణ:
అవుతుంది, సెల్‌లో ఎర్రర్ కనిపిస్తుంది. తప్పుడు అంకె కన్నా అది నయమని గట్టిగా నమ్ముతాను. పైగా వేర్‌లోని సెట్‌ను ఎగ్జిస్టింగ్ అనే కీవర్డ్ గుర్తిస్తుంది కనుక మెజర్‌ను సరిదిద్దుకునే దారి మిగులుతుంది. సబ్‌సెలెక్ట్‌ను అది పట్టించుకోదు. అందుకు 2008 వెర్షన్‌లో వచ్చిన డైనమిక్ సెట్లను (ప్రతి క్వెరీకీ మళ్లీ లెక్కించే సెట్లు) ఆశ్రయించాలి. మైక్రోసాఫ్ట్ రిపోర్ట్ సాధనం రిపోర్టింగ్ సర్వీసెస్‌లోని క్వెరీ డిజైనర్ రాసిచ్చే క్వెరీని ఒకసారి తెరిచి చూడండి: పారామీటర్‌ను (రిపోర్ట్ చూసేవారి ఎంపికను) సబ్‌సెలెక్ట్‌లో పెట్టడంతో ఆగకుండా, ఎంపిక ఒక్కటే అయినప్పుడు దాన్ని ఐఐఎఫ్ (షరతు ఫంక్షన్) ద్వారా వేర్‌లోకి కూడా పంపుతుంది. సబ్‌సెలెక్ట్ ఒక్కటే చాలేటట్లయితే ఆ రెండో భాగం అవసరమే ఉండేది కాదు.

లెక్కల_పరిశీలన:
మొత్తాల సంగతి ఇద్దరూ వదిలేశారు. బైక్స్, క్లోతింగ్ విభాగాలను సబ్‌సెలెక్ట్‌లో ఎంచుకుంటే ‘ఆల్ ప్రొడక్ట్స్’ విలువ ఆ రెండింటి కూడికే అవుతుంది. వాటా శాతానికి దాన్ని హారంగా వాడితే రెండూ కలిసి నూరు శాతం అవుతాయి. అన్ని విభాగాల అమ్మకాలలో వాటా కావాలనుకున్నవారు ఫ్రమ్ తరువాత, బ్రాకెట్‌కు ముందు, నాన్ విజువల్ అని చేర్చాలి.