పది మీటర్ల రేంజ్‌లో పీసీపీ రైఫిళ్లకు గాలి: ఏ కంప్రెసర్ తీసుకోవాలి?

బెజవాడ_పదిమీటర్లు:
విజయవాడలో చిన్న ఎయిర్ రైఫిల్ రేంజ్ కోసం అడుగుతున్నాను. మావి పీసీపీలు, అంటే ముందే సిలిండర్‌లో నొక్కి నింపిన గాలితో కాల్చే రైఫిళ్లు. రోజుకు 12 మంది షూటర్లు, ఒక్కొక్కరు 80–90 గుళ్లు కాలుస్తారు. తొమ్మిది ఫైన్‌వెర్క్‌బౌ రైఫిళ్లు, సిలిండర్ మీద 200 బార్ (బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) అని ఉంది. మిగతా మూడు వాల్తర్ ఎల్‌జీ400, వాటి మీద 300 బార్ అని ఉంది. రోజు చివరికి ఒక్కో సిలిండర్‌లో సుమారు 40 బార్ తగ్గుతోంది. ఇప్పటిదాకా చేతి పంపుతోనే నెట్టుకొచ్చాం, పిల్లల భుజాలు పడిపోతున్నాయి.

కరెంటు సింగిల్ ఫేజ్. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, కారు బ్యాటరీతో కూడా నడిచే 12 వోల్టుల చిన్న పెట్టె. రెండు, బకెట్‌లో నీళ్లు పెట్టి నడిపే 1.8 కిలోవాట్ల కంప్రెసర్. మూడు, మా పక్క వర్క్‌షాప్‌లో ఉన్న 8 బార్ కంప్రెసర్, దానికి ఏదైనా బిగించి వాడుకోవచ్చేమోనని. ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి పట్టుకోమని కూడా ఒకాయన సలహా ఇచ్చారు. ఏది తీసుకోవాలి?

పాత_ఓరింగ్:
ముందు ఆ ఆక్సిజన్ మాట. వద్దు, ఒక్కసారి కూడా వద్దు. రైఫిల్ వాల్వ్‌లో, అడాప్టర్‌లో, గొట్టంలో ఎక్కడో ఒకచోట గ్రీజో నూనో ఉంటుంది. పై ఒత్తిడిలో ఆక్సిజన్ ఒక్కసారిగా లోపలికి దూకినప్పుడు ఆ చోట పుట్టే వేడికి నూనె అంటుకుంటుంది. బయటి నిప్పు అక్కర్లేదు. సిలిండర్ పగిలేది షూటర్ ముఖానికి దగ్గరలోనే. సలహా ఇచ్చినాయన మంచివారే అయ్యుండొచ్చు గానీ ఈ విషయంలో ఆయన మాట వినకండి.

వర్క్‌షాప్ కంప్రెసర్ ఇచ్చేది 8 బార్, మీకు కావలసింది 200. మధ్యలో గాలితో నడిచే బూస్టర్ పెట్టొచ్చు గానీ ఒక లీటరు ఎక్కించడానికి అది ఎన్నో లీటర్లు తాగుతుంది. పక్కవాళ్ల మెషిన్ రోజంతా మోగుతూనే ఉంటుంది. వదిలేయండి.

లీటర్ల_లెక్క:
కంప్రెసర్ సంగతి తర్వాత చూద్దాం. మీకు రోజుకు ఎన్ని లీటర్ల గాలి కావాలో లెక్కేస్తే సగం ప్రశ్న తేలిపోతుంది.

సిలిండర్ లోపలి పరిమాణం 200 సీసీ అనుకుందాం, మీది కొలిచి చూసుకోండి. 160 నుంచి 200 బార్‌కు ఎక్కించడానికి 40 × 0.2, అంటే బయటి ఒత్తిడిలో కొలిచిన గాలి 8 లీటర్లు. కానీ ఈ ఒత్తిళ్లలో గాలి ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు, నిజానికి 7 లీటర్ల దగ్గర ఆగుతుంది. 12 రైఫిళ్లకు కలిపి రోజుకు 84 లీటర్లు. అంతే! 1.8 కిలోవాట్ల మెషిన్‌కు కాగితం మీద నిమిషానికి 40–50 లీటర్లు రాస్తారు. పై ఒత్తిడిలో 30–35 అనుకున్నా మీ రోజువారీ అవసరం మూడు నిమిషాల పని.

అలాగని మెషిన్ గొట్టాన్ని నేరుగా రైఫిల్ సిలిండర్‌కు తగిలించకండి. ఏడు లీటర్లంటే పన్నెండు సెకన్లు. గేజ్ వైపు చూసేలోపు 200 దాటి 250కి పోతుంది. వేడి సంగతీ ఉంది. వేగంగా నింపితే లోపలి గాలి 55–60 డిగ్రీలకు చేరుతుంది. గేజ్ 200 చూపిస్తుంది, చల్లారాక 185కి దిగుతుంది. లీకేజీ ఉందని సీళ్లు విప్పుకుని కూర్చునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

అందుకే మధ్యలో ట్యాంక్ ఉండాలి. అగ్నిమాపక సిబ్బంది వీపుకు కట్టుకునే 6.8 లీటర్ల, 300 బార్ కార్బన్ ఫైబర్ సిలిండర్ మీకు సరిపోతుంది. 300 నుంచి 200కి దిగేలోపు 680 లీటర్లు రావాలని సూత్రం అంటుంది, వచ్చేది 520 దాకా. రోజుకు 84 చొప్పున ఆరు రోజులు. అంటే కంప్రెసర్ నడిచేది వారానికి ఒకసారి, ఇరవై నిమిషాలు. డైవింగ్ వాళ్ల 12 లీటర్ల స్టీల్ సిలిండర్ చూడటానికి పెద్దదే గానీ 232 బార్ దగ్గర ఆగిపోతుంది. 232 నుంచి 200 దాకా వాడుకునే గాలి 350 లీటర్లకు మించదు, బరువేమో మోయలేం.

12 వోల్టుల పెట్టె ఒకటి రెండు రైఫిళ్లున్న ఇంటికి పర్లేదు. నూనె లేని పిస్టన్ రింగులు దానివి, వేడెక్కితే త్వరగా అరిగిపోతాయి. రోజూ పన్నెండు సిలిండర్లు, మధ్యలో దానికి విశ్రాంతి అంటే గంట పైనే పడుతుంది. మీ రేంజ్‌కు వద్దు.

నా ఓటు 1.8 కిలోవాట్ల నీటి కూలింగ్ మెషిన్, దానికి 6.8 లీటర్ల ట్యాంక్. ముప్పై నలభై మంది షూటర్లుండి, మూడు నాలుగు ట్యాంకులు తిప్పాల్సి వస్తే అప్పుడు బావర్ జూనియర్, కోల్ట్రి ఎంసీహెచ్‌6 లాంటి డైవింగ్ తరగతి మెషిన్లు. నిమిషానికి 80–100 లీటర్లు, గంటల తరబడి నడిచేలా కట్టినవి. ఇప్పుడే దాని జోలికి పోతే డబ్బు దండగ.

తేమ_శత్రువు:
లెక్క బాగుంది అన్నా, అయితే అందులో నీళ్లు లేవు. విజయవాడ ఆగస్టులో 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకుంటే ఒక ఘనపు మీటరు గాలి 24 గ్రాముల నీటిని మోస్తుంది. మీ 520 లీటర్లలో 12 గ్రాములు. ఖాళీ ట్యాంక్‌ను మొదటిసారి నింపేటప్పుడు 1,800 లీటర్లు లాగుతారు, అందులో 40 గ్రాముల పైనే. గాలిని మూడు వందల వంతులకు నొక్కితే ఆ నీళ్లకు లోపల చోటుండదు, తడిగుడ్డ పిండినట్టు దిగుతాయి. ఎక్కడ దిగుతాయన్నదే అసలు సంగతి.

మెషిన్ మీది సెపరేటర్‌లో (గాలి నుంచి నీళ్లను వేరు చేసే గదిలో) దిగితే మంచిది, బ్లీడ్ వాల్వ్ తిప్పి బయటికి పంపేస్తాం. కానీ సెపరేటర్ వేడిగా ఉంటే నీళ్లు ఆవిరిగానే దాటిపోతాయి. 60 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కంటే నాలుగు రెట్లకు పైగా తేమను పట్టుకోగలదు. అది ట్యాంక్‌లోకి పోయి, చల్లారి, అడుగున గుక్కెడు నీళ్లవుతుంది. అక్కడి నుంచి రైఫిల్ రెగ్యులేటర్‌లోకి, అంటే ప్రతి గుండుకూ ఒకే ఒత్తిడి అందించే భాగంలోకి. రెగ్యులేటర్‌లో తుప్పు మొదలైతే గుండు వేగం గుండుకో తీరుగా మారుతుంది, పిల్లలేమో తమ గురి చెడిందనుకుంటారు.

కాబట్టి మెషిన్‌తో వచ్చే బొటనవేలంత దూది ఫిల్టర్‌ను నమ్ముకోకండి. విడిగా ఒక పెద్ద ఫిల్టర్ కొనండి. గాలి వచ్చే వైపు తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్ 13ఎక్స్ గుళికలు, వెళ్లే వైపు యాక్టివేటెడ్ కార్బన్, మధ్యలో, చివర్లలో ఫెల్ట్ బిళ్లలు. ఈ వరస తిప్పకండి, తడి గాలి తగిలితే కార్బన్ నూనె వాసన పట్టదు. 13ఎక్స్ తన బరువులో అయిదో వంతు నీటిని పీల్చుకుంటుంది, 100 గ్రాములకు 20 గ్రాములు. సెపరేటర్ తన పని తాను చేస్తే అది చాలా వారాలు వస్తుంది. రంగు మారే సిలికా జెల్ చూడ్డానికి బాగుంటుంది గానీ నీటి చుక్క తగిలితే గుళికలు చిట్లి పొడవుతాయి, ఆ పొడి వాల్వ్ సీటు మీద కూర్చుంటుంది. నూనె పట్టిన 13ఎక్స్‌ను ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ వాడాలని చూడకండి, పారేయండి.

చాలామంది మరిచేది ఇంకొకటి. ఫిల్టర్ తర్వాత 100–150 బార్ దగ్గర తెరుచుకునే ప్రెషర్ మెయింటెయినింగ్ వాల్వ్ ఉండాలి. అది లేకపోతే ఖాళీ ట్యాంక్ నింపేటప్పుడు మొదట్లో గాలి తక్కువ ఒత్తిడిలో, తడిగా, వేగంగా ఫిల్టర్‌ను దాటేస్తుంది. ట్యాంక్‌ను ఎప్పుడూ 180 కింద దిగనివ్వకపోతే ఇది లేకున్నా నడుస్తుంది.

ఫిల్టర్ డబ్బా మీద పని ఒత్తిడి, టెస్ట్ ఒత్తిడి రెండూ చెక్కి ఉన్నదే కొనండి. చవక అల్యూమినియం డబ్బాల మర విడిపోతే మూత తూటాలా వస్తుంది. దాన్ని గోడకు బిగించండి, నింపేటప్పుడు మూతకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు.

నిండిన ట్యాంక్ వాల్వ్‌ను కొద్దిగా తెరిచి గాలిని పొడి స్టీలు పళ్లెం మీదికి వదిలి చూడండి. నీటి చుక్కో, నూనె మరకో పడితే ఆ గాలి రైఫిల్‌కు పనికిరాదు.

బెజవాడ_పదిమీటర్లు:
మంచి సమాచారం అండీ. అయితే నీటి కూలింగ్ మెషిన్, ట్యాంక్, పెద్ద ఫిల్టర్. మెషిన్ నడిపే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్తారా? మా దగ్గర సాయంత్రం వోల్టేజ్ 200కు పడిపోతుంది. బోరు నీళ్లు ఉప్పు.

వైండింగ్_వాలా:
సాయంత్రం నడపకండి, ఉదయం ఆరు ఏడు మధ్య నడపండి. వోల్టేజ్ బాగుంటుంది, గాలి చల్లగా ఉంటుంది. 1.8 కిలోవాట్లంటే నడిచేటప్పుడు 8 ఆంపియర్లు, స్టార్టింగ్‌లో దానికి అయిదారు రెట్లు. బోర్డు నుంచి నేరుగా 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, సి తరహా ఎంసీబీ. సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే మోటారు మూలుగుతుంది, తిరగదు, కెపాసిటర్ పోతుంది. పక్కనే నీళ్ల బకెట్, అందులో కరెంటు పంపు. ఎర్తింగ్ తప్పనిసరి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్) కూడా.

బకెట్‌లో బోరు నీళ్లు పోయొద్దు. ఉప్పు తెట్టు కట్టి నెలల్లో మెషిన్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్ పూడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కారు కూలెంట్ కలిపి 15 లీటర్లకు తక్కువ కాకుండా పోయండి. స్టార్ట్ చేశాక ముందు చూడాల్సింది తిరుగు గొట్టంలో నీళ్లు పడుతున్నాయా లేదా అని. నీళ్లు ఆగితే రెండు నిమిషాల్లో పై స్టేజీ (గాలిని చివరిగా పై ఒత్తిడికి నొక్కే భాగం) సీలు కాలిపోతుంది.

నడిపే తీరు ఇదీ. నూనె కిటికీలో సగం దాకా, అంతకు మించొద్దు, ఎక్కువైతే గాలితో పాటు ఎగదన్నుతుంది. తయారీదారు చెప్పిన గ్రేడు సింథటిక్ కంప్రెసర్ నూనే వాడాలి, బైకు ఇంజన్ ఆయిల్ కాదు. బ్లీడ్ వాల్వులు రెండూ తెరిచి, ఒత్తిడి భారం లేకుండా స్టార్ట్ చేసి, అర నిమిషం తిరగనిచ్చి మూయండి. గొట్టంలో ఒత్తిడి ట్యాంక్‌తో సమానమయ్యాకే ట్యాంక్ వాల్వ్ నెమ్మదిగా తెరవండి. ప్రతి అయిదు నిమిషాలకు, వానాకాలంలో మూడు నిమిషాలకు, బ్లీడ్ వాల్వులు రెండు మూడు సెకన్లు తెరవాలి. మజ్జిగలా తెల్లగా చిమ్ముతుంది, భయపడకండి, నీళ్లూ నూనే కలిసినది. ఉష్ణోగ్రత 65 దాటితే బ్లీడ్ చేసి ఆపండి. ఆపడానికి ముందు ట్యాంక్ వాల్వ్ మూసి, బ్లీడ్ చేసి, ఆ తర్వాతే స్విచ్. 300 దగ్గర ఆటోమేటిక్‌గా ఆగే గేజ్ ఉంటుంది, అయినా మనిషి పక్కనుండాల్సిందే.

చెడిపోయే తీరులు: 200 దాకా బాగానే ఎక్కి ఆపైన నత్తనడక నడిస్తే పై స్టేజీ పిస్టన్ సీలో చెక్ వాల్వో అరిగింది. నూనె కిటికీ పాలరంగులోకి తిరిగితే నీళ్లు చేరాయి, అప్పుడే మార్చేయండి. ఠాప్ అని పేలి గాలంతా పోతే అది బర్స్ట్ డిస్క్. ఒత్తిడి మించితే ముందుగా పగిలే రాగి బిళ్ల, మిమ్మల్ని కాపాడటానికే పోయింది. ఎందుకు పోయిందో చూసి అదే రేటింగ్ ఉన్నది వేయండి. రెండు బిళ్లలు కలిపి బిగించేవాళ్లున్నారు, వాళ్లకో దండం.

పాత_ఓరింగ్:
ట్యాంక్ నుంచి రైఫిల్‌కు నింపే చోట ఒక మాట. మీ దగ్గర 200, 300 సిలిండర్లు పక్కపక్కనే ఉన్నాయి. ట్యాంక్‌లో 300. పొరపాటు జరిగి తీరుతుంది. ట్యాంక్ తర్వాత 200కి సెట్ చేసిన రెగ్యులేటర్ పెట్టండి, దాని తర్వాత 220 దగ్గర వదిలే రిలీఫ్ వాల్వ్. వాల్తర్లను కూడా 200కే నింపండి, కొన్ని గుళ్లు తగ్గుతాయి అంతే. నీడిల్ వాల్వ్‌తో నిదానంగా, సిలిండర్‌కు అర నిమిషం తగ్గకుండా. గొట్టంలో గాలి వదిలాకే అడాప్టర్ విప్పాలి. ఓ-రింగులకు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు వలయాలకు) సిలికాన్ గ్రీజు చుక్కంత, పెట్రోలియం గ్రీజు వద్దే వద్దు.

గ్యాస్_గోడౌన్:
అసలు కంప్రెసర్ లేకుండా కూడా కుదురుతుంది కదా. 47 లీటర్ల పారిశ్రామిక నైట్రోజన్ సిలిండర్ 150 బార్‌తో వస్తుంది. చుక్క తేమ ఉండదు. మ్యాచ్ రైఫిల్‌కు 150 కూడా చాలు, రెగ్యులేటర్ అంతకంటే చాలా కింద పనిచేస్తుంది. రోజుకు 90 లీటర్లు తీస్తే పెద్ద సిలిండర్‌లో తగ్గేది 2 బార్. ఇరవై రోజులకు 110కి దిగుతుంది, అప్పుడు మార్చుకోండి. వెల్డింగ్ గ్యాస్ షాపువాడే ఇంటికి తెచ్చిస్తాడు.

లీటర్ల_లెక్క:
ఇది తోసిపుచ్చే మాట కాదు. మెషిన్ రిపేరులో ఉన్న రోజులకు నేనూ ఇదే చెప్తాను. కాకపోతే మూడు చూసుకోవాలి. రైఫిల్ మాన్యువల్ గాలి మాత్రమే అంటే ఆ మాటే వినాలి. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో నైట్రోజన్ లీకైతే వాసన రాదు, ఊపిరాడక పడిపోయేదాకా తెలియదు, కాబట్టి సిలిండర్ బయట వరండాలో, గొలుసుతో కట్టి ఉంచాలి. వెల్డింగ్ రెగ్యులేటర్ దీనికి పనికిరాదు, దాని అవుట్‌లెట్ ఒత్తిడి చాలదు. పై ఒత్తిడి గొట్టం, సరిపడే అడాప్టర్ విడిగా కావాలి.

ఇంకొకటి, 500 మిల్లీలీటర్లు మించిన ఏ సిలిండరైనా గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 కిందికి వస్తుంది. రైఫిల్ సిలిండర్ రాదు, మీ 6.8 లీటర్ల ట్యాంక్ వస్తుంది. పీసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్నదే కొనండి. సొంతంగా నింపుకోవడానికి ఏ అనుమతి కావాలో ముందే రాసి అడగండి.

బెజవాడ_పదిమీటర్లు:
చివరి ప్రశ్న. సెకండ్ హ్యాండ్‌లో 6.8 లీటర్ల కార్బన్ ట్యాంక్ ఒకటి సగం ధరకు వస్తోంది. మీద తయారీ 2009, ఆయుష్షు 15 ఏళ్లు, చివరి హైడ్రోటెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) 2018 అని ఉంది. మళ్లీ టెస్ట్ చేయించి వాడొచ్చా?

పాత_ఓరింగ్:
2024తోనే దాని కథ ముగిసింది. ఆయుష్షు దాటిన కార్బన్ ట్యాంక్ హైడ్రోటెస్ట్ పాసైనా చెల్లదు. వాల్వ్ బాగుంటే వాల్వ్ వరకు అడగండి, ట్యాంక్ వద్దు. రేంజ్‌కు వెళ్లినప్పుడు మీ రైఫిల్ సిలిండర్ల తేదీలు కూడా చూసుకోండి. సాధారణంగా తయారైన పదేళ్లకు వాటికీ గడువు తీరుతుంది. మ్యాచ్‌లో తేదీ చూసుకునే బాధ్యత షూటర్‌దే అని ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధన.