పిన్ని ఇల్లు రాసిచ్చేశారు, ఇప్పుడు చూసేవారు లేరు: ఏం చేయాలి?

ప్రశ్న: పద్మారావునగర్‌లో మా పిన్ని ఒంటరిగా ఉంటున్నారు. వయసు 78. బాబాయి పోయాక ఇంటిని కొడుకు పేరిట గిఫ్టు డీడు చేశారు. ఇప్పుడు తమ్ముడు ఫోను ఎత్తడు, ఇల్లు ఖాళీ చేయమని మాత్రం కబురు పంపాడు. పింఛనంతా ఏజెన్సీ పంపిన ఆయా జీతానికే పోతోంది. ఎవరిని ఆశ్రయించాలి?

జవాబు: ముందుగా ఒక మాట. పిన్నిగారు ఆ ఇల్లు వదిలి కదలవద్దు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని కింద ట్రైబ్యునల్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది; మీకు సికింద్రాబాద్ డివిజన్. ఆమె రాలేకపోతే ఆమె అనుమతితో మీరే అర్జీ పెట్టవచ్చు. కొడుక్కి నోటీసు అందాక పోషణ భత్యం సంగతి 90 రోజుల్లో తేల్చాలి, మరీ అయితే ఇంకో 30 రోజులు. ఇల్లు వెనక్కి రావాలంటే 23వ సెక్షన్. తల్లిని చూసుకోవాలన్న షరతు డీడులో ఉందా?

అడిగినవారు: డీడులో లేదండీ. కానీ రిజిస్ట్రేషన్ రోజునే "అమ్మను చివరిదాకా చూసుకుంటాను" అని తమ్ముడు విడిగా రాసి సంతకం చేశాడు.

జవాబు: ఆ కాగితం ఈ రోజే భద్రపరచండి, నకళ్లు తీయించండి. షరతు లేకపోతే 23వ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకరి కేసులో మాత్రం, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్టును రద్దు చేసి, ఆస్తి ఆమెకు తిరిగి అప్పగించమంది. మీ కేసు దీనికి చాలా దగ్గర. అర్జీలో ఈ తీర్పును తప్పక ప్రస్తావించండి.

మరొక సభ్యురాలు: భత్యం గురించి కూడా చెప్పాలి. చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించలేరు. రాత్రింబవళ్లు ఉండే ఆయాకు హైదరాబాద్‌లో అది ఏ మూలకు వస్తుంది? ఈ పరిమితి ఎత్తివేయాలని, కోడళ్లను, అల్లుళ్లను కూడా బాధ్యుల్లో చేర్చాలని, ఇంటికి ఆయాలను పంపే సంస్థలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని 2019లో బిల్లు పెట్టారు. 17వ లోక్‌సభతోపాటే అది మురిగిపోయింది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే: మంచంపట్టిన మనిషి ఒంటిమీద చేయి వేసేవారికి ఏ శిక్షణ ఉందో అడిగే చట్టం ఇప్పటికీ లేదు. మన ఎంపీలకు ఉత్తరాలు రాయాలి. అంతవరకు ఏజెన్సీతో పని గంటలు, మందులు ఇచ్చే బాధ్యత, ఆయా సెలవు పెడితే బదులు మనిషి, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. అర్జీ ఎలా పెట్టాలో సందేహం వస్తే 14567కు ఫోను చేయండి, వృద్ధుల సహాయ కేంద్రం అది, ఉచితం.

అడిగినవారు: కాగితం పిన్ని బీరువాలోనే ఉంది. సోమవారం ఆర్డీవో కార్యాలయానికి వెళ్తున్నాను.