పరకాల దిక్కు సింగిల్ స్క్రీన్: నడపాల్నా, ఫంక్షన్ హాల్ చేయాల్నా?

పరకాల పిల్లగాడు:
మా బాపు కట్టిన థియేటర్. ఏసీ లేదు. 2024 మేలో ఎలక్షన్లు, ఐపీఎల్ నడుమ తెలంగాణల సింగిల్ స్క్రీన్లు పది రోజులు బందు పెడితే మేమూ పెట్టినం. బందు పెట్టినప్పుడే నష్టం తక్కువున్నది! సోమవారం మ్యాట్నీకి పదిహేను మంది వస్తే ఆపరేటర్ జీతం, కరెంటు, క్యూబ్ (డిజిటల్ ప్రొజెక్షన్) ఖర్చు ఎట్ల ఎల్తది? పెద్ద సినిమాకు హనుమకొండ పోతున్నరు, చిన్న సినిమా ఎట్లైన ఓటీటీల వస్తదని ఆగుతున్నరు. చుట్టాలంత ఫంక్షన్ హాల్ అంటున్నరు. ఈ లైన్ల ఉన్నోళ్లు చెప్పుండ్రి.

పాత రిప్రజెంటేటివ్:
తమ్మీ, డిస్ట్రిబ్యూటర్ (సినిమా కొని థియేటర్లకు ఇచ్చేటోడు) మనిషిగ రీళ్ల పెట్టె ఎంబడి వరంగల్, కరీంనగర్ సెంటర్లన్ని తిరిగినోన్ని. జనం సంగతి పక్కన పెట్టు, నీ అగ్రిమెంటు తియ్యి. మొదటి వారం హౌస్‌ఫుల్ పడ్డప్పుడు నీకు మాట్లాడుకున్న రెంటు ఇచ్చి మిగిలింది డిస్ట్రిబ్యూటర్ పట్టుకపోతడు. రెండో వారం జనం పల్చబడంగనే "పర్సెంటేజీ మీద ఆడుదాం" అంటడు, అంటే వచ్చిన వసూళ్లల వాటా. నేనే అట్ల మాట్లాడొచ్చేటోన్ని, అది నా కొలువు. 2025ల జూన్ 1 నుంచి మూస్తమని ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేటోళ్లు) లొల్లి పెట్టింది దీనికే. మొదటి ఆట నుంచే పర్సెంటేజీ అడుగు. ఇంకోటి, బండ్ల స్టాండు. 2021ల సింగిల్ స్క్రీన్లకు పార్కింగ్ పైసలు తీసుకునే పర్మిషన్ మళ్ల వచ్చింది. స్టాండు, క్యాంటీన్ లీజుకియ్యకు, నువ్వే కూసో.

జమ్మికుంట లెక్కలు:
అన్నా, ఏసీ పెట్టేముందు ఇది చూడు. వంద దాకా టికెట్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 కాదు, 5 శాతమే. ఏసీ పెట్టి 150 చేస్తే 18 పడతది. అప్పు కిస్తీ వేరే.

సెంట్రింగ్ మేస్త్రి:
ఒక థియేటర్‌ను ఫంక్షన్ హాల్ చేసిన. థియేటర్ నేల ఏటవాలు గదా, తెర దిక్కు నడుమెత్తు మొరం పోసి రోలర్ తిప్పి కాంక్రీట్ బెడ్ పోయాల్సి వచ్చింది. బాల్కనీ ఎందుకూ పనికిరాలే. వంటకు, చేతులు కడుగుడుకు వెనుక జాగ లేకపోతే ఎవ్వరు బుక్ చేయరు. ఆషాఢం, మూఢం వస్తే అదీ ఖాళే.

పరకాల పిల్లగాడు:
వెనుక జాగ లేదు మేస్త్రీ, మోరీనే. కాకా, స్టాండు లీజు దసరాకు అయిపోతది, ఈసారి రాసియ్య. పర్సెంటేజీ సంగతి నేనొక్కన్ని అడిగితే సినిమా పక్క థియేటర్‌కు ఇస్తరు. ముందుగాల ఆ థియేటర్ ఓనర్‌తోని మాట్లాడుత.