వేమన పాఠభేదాలకు టీఈఐ ట్యాగులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతప్రతి (ప్రశ్న)

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో తెలుగు పీహెచ్‌డీ చేస్తున్నాను. వేమన పద్యాల అచ్చు ప్రతుల్లో పాఠభేదాలు (ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉన్న చోట్లు) పోల్చడం నా పని, బ్రౌన్ 1829లో వేసినదాని నుంచి మొదలుపెట్టి తర్వాత వచ్చినవి కొన్ని తీసుకున్నాను. ఇప్పటిదాకా అంతా వర్డ్ ఫైల్లోనే, తేడా ఉన్నచోట పసుపు రంగు వేసి పక్కన కామెంట్ పెడుతున్నా. మా గైడ్ గారు ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి "ఇదంతా టీఈఐలో చెయ్యమ్మా" అన్నారు. టీఈఐ అంటే టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అట, పాఠంలో ఏది ఏమిటో కంప్యూటర్‌కి తెలిసేలా గుర్తులు పెట్టే పద్ధతి. ఆ సైట్ తెరిస్తే ఐదొందలకు పైగా ట్యాగులు, ఉదాహరణలన్నీ ఇంగ్లీషు నాటకాలూ లాటిన్ రాతప్రతులూ. నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు తెలుగు పద్యానికి ఇది పనికొస్తుందా? కొంచెం టెన్షన్‌గానే ఉంది.

కోణపుగుర్తు

కంగారు పడకండి. టీఈఐ ప్రోగ్రామింగ్ కాదు. ఇది ఎక్స్‌ఎంఎల్‌లో (మాటల చుట్టూ కోణపు గుర్తుల్లో పేర్లు పెట్టి రాసే తీరు, ఆ పేర్లే ట్యాగులు) రాసే ఒక పద్ధతి, 1987లో అమెరికాలో వాసర్ కాలేజీలో పండితులు కూర్చుని మొదలుపెట్టారు, ఇప్పుడు నడుస్తున్న పీ5 రూపం 2007లో వచ్చింది, దాన్నే సరిచేసుకుంటూ వస్తున్నారు. తెరిచిన ట్యాగు మూయాలి, ఒకదాని లోపల తెరిచినదాన్ని దాని లోపలే మూయాలి, ఈ రెండూ ఒంటబడితే సగం పని అయినట్టే. ఆ ఐదొందల్లో మీకు కావలసినవి ఇరవై దాటవు. పద్యానికి ఎల్‌జీ, పాదానికి ఎల్, పేజీ మారినచోట పీబీ, పైన హెడర్‌లో ఏ ప్రతి నుంచి తీసుకున్నారో చెప్పే సోర్స్‌డెస్క్. పాఠభేదానికి యాప్ అనే ట్యాగు, దాని లోపల మీరు ఒప్పుకున్న పాఠానికి లెమ్, మిగతా వాటికి ఆర్‌డీజీ, ఒక్కోదానికి ఏ ప్రతిలో ఉందో చెప్పే గుర్తు. మీరు పసుపు రంగుతో చేస్తున్నది ఇదే, కాకపోతే ఆ రంగు ఎందుకు వేశారో కంప్యూటర్‌కి తెలియదు.

నేర్చుకోవడానికి టీఈఐ బై ఎగ్జాంపుల్ అని ఉచిత పాఠాలున్నాయి, అందులో పద్యం గురించీ పాఠ పరిష్కరణ గురించీ ఉన్న రెండు భాగాలు చదవండి చాలు, నాటకం జోలికి ఇప్పుడే పోవద్దు. ఎడిటర్‌గా అందరూ ఆక్సిజన్ అంటారు, మంచిదే కానీ డబ్బులు కట్టాలి. వీఎస్ కోడ్‌లో స్కాలర్లీ ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఉచితంగానే పని జరుగుతుంది, తప్పు ట్యాగు పెడితే అక్కడికక్కడే ఎర్ర గీత చూపిస్తుంది.

లెక్కలమనిషి

నా మాట కొందరికి నచ్చదు గానీ చెప్తా. పాఠభేదాల పట్టికే కావాలంటే ఎక్సెల్ చాలు: వరుసకో పాదం, నిలువు గడికో ప్రతి. టీఈఐ మొదలుపెట్టి ట్యాగుల గురించి వాదించుకుంటూ థీసిస్ పక్కన పడేసినవాళ్లని చూశాను.

కోణపుగుర్తు

@లెక్కలమనిషి మాట కొట్టిపారేయలేను, రెండు మూడు ప్రతులైతే ఎక్సెలే మేలు. కానీ ఒక ప్రతిలో పద్యం మొత్తమే లేకపోతే? పాదాలు తారుమారైతే? అచ్చుతప్పు వేరు, పాఠభేదం వేరు అని ఎక్కడ రాస్తారు? టీఈఐలో అచ్చుతప్పుకి సిక్, దాని సవరణకి కార్, ఈ రెంటినీ కలిపి ఛాయిస్ లోపల పెడతాం, మీ నిర్ణయం ఫైల్లోనే మిగులుతుంది. బ్రౌన్ కూడా పండితుల్ని జీతాలకు పెట్టుకుని తాళపత్ర ప్రతులు పోల్చి చూపించుకున్నాడు కదా, ఇది ఆ పనే.

పాతప్రతి

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంకో సందేహం. పద్యాన్ని పాదాలుగా విడగొడితే వాక్యం ఏమవుతుంది? వాక్యాలకీ ట్యాగు పెట్టాలని ఉంది, ఎవరు ఎవర్ని ఏమంటున్నారో తర్వాత వెతకడానికి.

యతిభంగం

అసలు చిక్కు ఇదే, తెలుగు పద్యంతో పనిచేసే ప్రతివాళ్లకీ తగిలేది. పోతన "పలికెడిది భాగవతమఁట" కందం గుర్తుందిగా. రెండో పాదం చివర "నేఁ" ఉంది, కందంలో రెండో పాదం చివర గురువు పడాలి కాబట్టి అక్కడ కుదిరింది, కానీ అది "నేఁ బలికిన భవహర మగునఁట" అనే తర్వాతి వాక్యానికి చెందినది. పాదానికి ఒక ట్యాగు, వాక్యానికి ఒక ట్యాగు పెడితే రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకోదు. దీనికి టీఈఐలో ఉన్న దారి, వాక్యాన్ని రెండు ముక్కలుగా ట్యాగు చేసి, మొదటి ముక్కకి పార్ట్ ఐ అనీ చివరి ముక్కకి పార్ట్ ఎఫ్ అనీ గుర్తు పెట్టడం. లేదంటే వాక్యం పాదం దాటి సాగుతోందని చెప్పడానికి పాదం ట్యాగులోనే ఎన్‌జాంబ్ అనే ఆట్రిబ్యూట్‌కి (ట్యాగులో రాసే అదనపు వివరానికి) అవును అని రాసి వదిలేయొచ్చు, నేనైతే మొదట ఇంతటితోనే ఆగుతా. సమాసం పాదం దాటి పోయే వృత్తాలతో పోలిస్తే మీ పని సులువే, వేమన ఆటవెలదుల్లో చాలా వరకు పాదంతోపాటు మాట కూడా ఆగుతుంది.

ఇదే కందంలో మీకు పనికొచ్చేది ఇంకోటుంది. రెండో పాదం "పలికించెడివాఁడు రామభద్రుం డఁట" అనీ, "పలికించు విభుండు రామభద్రుం డఁట" అనీ రెండు రకాలుగా వాడుకలో ఉంది. మాత్రలు లెక్కేసుకోండి, రెండూ సరిపోతాయి. అంటే ఛందస్సును బట్టి ఒకటి తప్పని తీసేయలేం. ఇలాంటి చోట లెమ్ పెట్టకుండా రెంటినీ ఆర్‌డీజీలుగానే వదిలేయొచ్చు, టీఈఐ దానికీ ఒప్పుకుంటుంది. చాలామంది బలవంతంగా ఒకటి ఎంచుకుంటారు.

మకుటానికి మాత్రం విడిగా గుర్తు పెట్టండి, ఆ ఎల్ ట్యాగు లోపల సెగ్ అనే ట్యాగు వేసి, దానికి టైప్ అని పెట్టి "మకుటం" అని రాస్తే చాలు. లేకపోతే రేపు ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్క తీస్తే "వినురవేమ" తప్ప ఇంకేమీ కనపడదు.

తామ్రశాసనం

నాది శాసనాల వైపు. మా దగ్గర ఎపిడాక్ వాడతారు, అది టీఈఐలో నుంచి శాసనాలకు కావలసినంత తీసి కట్టుదిట్టం చేసుకున్న రూపం. ధర్మ అనే యూరప్ ప్రాజెక్టువాళ్లు వేంగి చాళుక్యుల తామ్రశాసనాలను ఇలాగే చేశారు. ఫైళ్లు బయటే ఉన్నాయి, తెరిచి చూడండి. ఎవరో చేసిన మంచి ఫైలు ఎదురుగా పెట్టుకుంటే గైడ్‌లైన్స్ చదివినదానికంటే త్వరగా వస్తుంది.

టైపింగ్ విషయం ఎవరూ ఎత్తలేదు. మీ వర్డ్ ఫైలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) ఉంటే ముందు యూనికోడ్‌కి మార్చండి, మార్చాక ప్రతి పాదం మళ్లీ చదవండి, ఒత్తులు ఎగిరిపోతాయి. అరసున్న, బండి ఱ ప్రతిలో ఎలా ఉంటే అలాగే ఉంచి, వెతకడానికి సులువుగా ఉండే రూపం కావాలంటే ఛాయిస్ లోపల ప్రతిలోని రూపానికి ఆరిగ్, వెతికే రూపానికి రెగ్ అని పక్కపక్కన పెట్టండి. ఇంకోటి, మాట చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒక ప్రతిలో పడి ఇంకోదాంట్లో పడకపోతే, కొలేటెక్స్ లాంటి పోల్చే టూల్ ఆ రెంటినీ వేరు వేరు పాఠాలు అంటుంది. పోల్చే ముందు ఆ కనిపించని గుర్తులన్నీ ఒకేసారి తీసేయండి.

పాతప్రతి

అమ్మో, నాది అను ఫాంటే. ముందు మార్చుకుని, ఓ పది పద్యాలు ట్యాగు చేసి ఇక్కడే పెడతాను, చూసి తిట్టండి.

యతిభంగం

పెట్టండి. పదిలో ఒక పద్యమైనా బ్రౌన్ ప్రతిలో ఒకలా, తర్వాతి ప్రతిలో పాదాలు మారి ఇంకోలా ఉన్నది తీసుకోండి. యాప్ ట్యాగు పాదానికి పెట్టాలా మాటకి పెట్టాలా అన్నది అక్కడే తేలుతుంది.