బెంగళూరు–విశాఖ: 775 కిలోమీటర్లకు గంటా నలభై నిమిషాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. వచ్చే వారం అమ్మానాన్నలను విశాఖ ఫ్లైట్ ఎక్కిస్తున్నాను. ఇద్దరికీ విమానం ఇదే మొదటిసారి. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు 775 కి.మీ. అంటున్నారు, రోడ్డు మీద చూస్తే వెయ్యి దాకా ఉంది. ఏది లెక్క? విమానం గంటకు 800 కి.మీ. పోతుంది కదా, మరి టికెట్ మీద గంటా నలభై నిమిషాలు ఎందుకుంది? మధ్యాహ్నం 12 గంటలకు బయల్దేరే ఫ్లైట్ ఎక్కితే విశాఖలో ఒంటిగంటన్నర శ్రీకాకుళం బస్సు అందుతుందా?

జవాబు: 775 సరైనదేనండి, అది ఆకాశంలో దగ్గరి దారి. మీరే కట్టి చూసుకోవచ్చు. బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్ళి 13.20 అక్షాంశం, 77.71 రేఖాంశం. విశాఖ 17.72, 83.22. ఉత్తరానికి తేడా 4.52 డిగ్రీలు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 502. తూర్పుకి 5.51 డిగ్రీలు, మన అక్షాంశాల దగ్గర డిగ్రీకి 107 చొప్పున 590. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 775 వస్తుంది.

టైం సంగతి వేరు. టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం కాదు. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా అంతా అందులోనే. విమానం నేల మీద మెల్లగా రన్‌వే చివరిదాకా పోవాలి, ముందున్నవి ఎగిరేదాకా ఆగాలి. పైకి లేచాక కూడా వెంటనే 800 అందుకోదు. పది వేల అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 460 కి.మీ. దాటనివ్వరు. దిగేటప్పుడూ అంతే. పైగా విశాఖలో చాలాసార్లు సముద్రం మీదికి వెళ్ళి, చుట్టు తిరిగి, ఊరి వైపు నుంచి దిగుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే పెద్దవాళ్ళకు అదొక పండగ!

ప్రశ్న: అయితే ఆ బస్సు వదులుకోవాలా?

జవాబు: వదిలేయండి. విమానం ఆగేసరికే 1.40. బ్యాగులు బెల్టు మీదికి రావాలి, అక్కడి నుంచి కాంప్లెక్స్‌కి, అంటే ఆర్టీసీ బస్టాండ్‌కి, ఊళ్ళోంచి పోవాలి. మూడు గంటల తర్వాతి బస్సు అనుకోండి. శ్రీకాకుళానికి పగలంతా బస్సులుంటాయి, రిజర్వేషన్ కోసం టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకొకరి జవాబు: నన్నడిగితే విశాఖలో కంటే బెంగళూరులోనే జాగ్రత్త పడాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. మొదటిసారి కాబట్టి పదింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. పొద్దున పూట రింగ్ రోడ్డు, హెబ్బాళ్ ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే, ఎనిమిదింటికి ఇల్లు కదలండి. టెర్మినల్ ఒకటా, రెండా టికెట్ మీద చూసి క్యాబ్ డ్రైవర్‌కి ముందే చెప్పండి.

ప్రశ్న: అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నేను లోపలిదాకా వెళ్ళొచ్చా?

జవాబు: టికెట్ లేనివాళ్ళను లోపలికి పంపరండి, తలుపు దగ్గరే ఆగిపోవాలి. అమ్మగారికి వీల్‌చైర్ కావాలని ఇప్పుడే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి చెప్పండి. సిబ్బందిలో ఒకరు కౌంటర్ నుంచి విమానందాకా తీసుకెళ్తారు, నాన్నగారు పక్కనే నడవొచ్చు. ఇద్దరి ఆధార్ కార్డులూ చేతి సంచిలో పైనే ఉండాలి. గేటు నంబర్ చివర్లో మారుతుంటుంది, కూర్చున్నాక కూడా నాన్నగారిని ఒకటికి రెండుసార్లు బోర్డు చూసుకోమనండి.