పుట్టకొక్కులు కూరగాయలేనా?

ప్రశ్న: మొన్న వాన పడ్డాక మా చేలో చెదపుట్ట మీద పుట్టకొక్కులు లేచాయి. కూర వండుతుంటే మా తొమ్మిదో తరగతి పిల్ల "నాన్నా, ఇవి మొక్కలు కావు, మనకే దగ్గర చుట్టాలు" అంది. నిజమేనా? మా రోజుల్లో వృక్షశాస్త్రంలోనే చదివాం మరి.

జవాబు: పాప చెప్పిందే రైటండీ. 1969లో విట్టేకర్ అనే జీవశాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా విడదీసిన వర్గీకరణలో, పుట్టకొక్కులు చేరే శిలీంధ్రాలకు (ఫంగస్) వేరే రాజ్యమే ఇచ్చాడు. వీటికి పత్రహరితం లేదు. కణకవచంలో సెల్యులోజ్ బదులు కైటిన్. రొయ్య పెంకులో ఉండేదీ అదే!

ఇంకొకరు: ఆహారం దాచుకునేది గ్లైకోజెన్‌గా, మన కాలేయంలోలాగే. డీఎన్‌ఏ పోల్చి చూసినా జంతువులూ శిలీంధ్రాలూ ఒకే కొమ్మ మీద తేలాయి. అన్నట్టు, మీ పుట్టకొక్కుల్ని లోపల సాగుచేసేది చెదపురుగులే.

అడిగినవారు: సరే గానీ, శనివారం వండొచ్చా? మా అమ్మ అడుగుతోంది.