వెబ్ ఆప్షన్లలో ఎన్ని కాలేజీలు పెట్టాలి? పదా, నూటయాభయ్యా?

కావలి తండ్రి:
ఇంజనీరింగ్‌లో చేరడానికి రాసిన ఈఏపీసెట్‌లో మా అమ్మాయికి 38 వేల ర్యాంకు వచ్చింది. ఇక కౌన్సెలింగుకు వెబ్ ఆప్షన్లు పెట్టాలి, అంటే కావలసిన కాలేజీలను ఇష్టపడిన వరుసలో ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఇంటర్‌లో చదువు చెప్పిన మాస్టారు పది కాలేజీలు పెడితే చాలంటున్నారు. నెట్ సెంటర్ అబ్బాయేమో నూటయాభై ఆప్షన్లు లేకపోతే సీటు మీద ఆశ వదులుకోమంటున్నాడు. ఇవి చాలవన్నట్టు మా బావమరిది చెన్నై వైపు నాలుగు ప్రైవేటు యూనివర్సిటీలకు కూడా దరఖాస్తు చేయమని రోజూ ఫోనులో పోరు పెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు లెక్కల మాస్టారు:
కౌన్సెలింగు ఆప్షన్లనూ ప్రైవేటు యూనివర్సిటీ దరఖాస్తులనూ ఒకే గాటన కట్టకండి. కౌన్సెలింగులో ఎన్ని ఆప్షన్లు పెట్టినా రుసుము ఒకటే. ఓసీ, బీసీలకు 1200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. కంప్యూటర్ మీ వరుసను పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు దొరికే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. అడుగున వందున్నా పైనున్న వాటికి వచ్చే నష్టం లేదు. మరి పదితో ఆగడం ఎందుకు? ఏం మిగులుతుంది? నెట్ సెంటర్ అబ్బాయి మాటే వినండి.

సింగరాయకొండ విద్యార్థిని:
నష్టం లేదనకండి మాస్టారూ. నా ఆప్షన్లు కూడా నెట్ సెంటర్‌లోనే పెట్టించాం. 140 నిండే దాకా ఆయన కోడ్‌లు కొట్టుకుంటూ పోయాడు. నేను, నాన్న వెనక నిలబడి చూస్తున్నామే తప్ప ఏ కాలేజీ ఎక్కడుందో ఒక్కసారీ అడగలేదు. సీటు శ్రీకాకుళం జిల్లాలో వచ్చింది, అదీ నేను ఏనాడూ అనుకోని సివిల్‌లో. ప్రింటు తీసి చూస్తే అది 97వ ఆప్షన్. అమ్మ ఆ కాగితాన్ని ఇప్పటికీ దేవుడి పటం వెనక దాచింది, ఎందుకో తెలియదు. చేరను అనుకున్న కాలేజీని వరుసలో పెట్టడమే తప్పు.

ఆత్మకూరు నెట్ సెంటర్:
మా మీద పడకండమ్మా. కౌన్సెలింగు రోజుల్లో ర్యాంకు కార్డు బల్ల మీద పెట్టి, "మీకే తెలుసు, మీరే పెట్టండి" అని టీ తాగడానికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పది పెట్టి సీటు రాకపోతే తిట్లు నాకు. నూటయాభై పెట్టి దూరంగా వస్తే ఆ తిట్లూ నాకే. సీటు రానివాళ్ల తిట్లే గట్టిగా ఉంటాయి కాబట్టి నూటయాభై పెడతాను.

ఒంగోలు లెక్కల మాస్టారు:
సింగరాయకొండ అమ్మాయి చెప్పింది ఒప్పుకుంటున్నాను. నష్టం లేదన్నది చేరదలచుకున్న కాలేజీల విషయంలోనే.
కావలి గారూ, మీరు చూసుకోవలసింది ఇంకొకటుంది. చివరి నాలుగేళ్లు వరుసగా నెల్లూరు జిల్లాలోనే చదివితే మీ అమ్మాయి ఎస్వీయూ (శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతానికి స్థానికురాలు. ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతంలోకి వస్తుంది. ఏ కాలేజీలోనైనా కన్వీనర్ సీట్లలో, అంటే ఈ కౌన్సెలింగు ద్వారా ఇచ్చే సీట్లలో, 85 శాతం ఆ కాలేజీ ఉన్న ప్రాంతం వాళ్లవే. ఒంగోలు కాలేజీకి మీ ఊరి నుంచి రోజూ రైల్లో వెళ్లి రావచ్చు గానీ, అక్కడ ఆమె మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. అదే కడప కాలేజీలోనైతే స్థానికురాలే. కాబట్టి ఏయూ వైపు కాలేజీలు ఇష్టముంటే పైన పెట్టండి, వాటినే నమ్ముకుని కూర్చోకండి.

నెల్లూరు నుంచి ఒక తల్లి:
ప్రైవేటు యూనివర్సిటీల సంగతి నన్నడగండి. మా వాడికి అయిదింటికి కట్టాం, ఒక్కోదానికి వెయ్యికి పైనే. ఒకచోట సీటు వచ్చిందని ఫోను, మూడు రోజుల్లో అడ్వాన్సు కట్టకపోతే పోతుందని మళ్లీ ఫోను. భయపడి కట్టాం. తర్వాత కన్వీనర్ సీటు వచ్చింది. అడ్వాన్సు కోసం ఎన్ని ఉత్తరాలు రాశానో! మన రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే ఇస్తారని అప్పటికి మాకు తెలియదు. డబ్బు కట్టే చోట ఒకటి, రెండు చాలు. మీ బావమరిది ఆ రుసుములు తానే కడతాడేమో అడిగి చూడండి.

కావలి తండ్రి:
అడిగాను. మూడు రోజులుగా ఫోను లేదు.
నిన్న రాత్రి అమ్మాయీ నేనూ నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. "ఇందులో వస్తే చేరతావా?" అని ఒక్కో కాలేజీ చదివాను. ఊఁ అన్నవే రాశాం. 46 తేలాయి. అడుగున అయిదు మాత్రం నా పోరు పడలేక ఒప్పుకుంది.

సింగరాయకొండ విద్యార్థిని:
ఆ అయిదూ తీసేయండి అంకుల్. మొదటి విడతలో రాకపోతే రెండో విడతలో పెట్టుకోవచ్చు. ఒకవేళ ఇప్పుడే సీటు వస్తే, రెండో విడతలో దానికంటే నచ్చినవే పెట్టండి. కొత్తది వచ్చిందంటే చేతిలోది దానంతటదే పోతుంది.

ఆత్మకూరు నెట్ సెంటర్:
46 అయితే పావుగంట పని. నోటుపుస్తకం పట్టుకెళ్తే సరి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి.